రీబటన్ టైరు: పట్టా కొత్తదే, ఒళ్లు ఎవరిది?

పది చక్రాల లారీకి టైర్లన్నీ ఒకేసారి మార్చాలంటే ఇవాళ రెండు లక్షల పైమాటే. వనపర్తిలోనో గద్వాలలోనో ఒక్క బండి పెట్టుకుని, ఫైనాన్సు కిస్తీ, డ్రైవరు జీతం, ఇల్లు, పిల్లల చదువు అన్నీ దాని మీదే లాక్కొచ్చే ఓనరుకు అది చిన్న మొత్తం కాదు. అందులోనూ టైరు పూర్తిగా అరిగేది చేతిలో డబ్బు ఆడే నెలలో కాదు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు కదిలే ఏప్రిల్, మే నెలల్లో, బండి ఒక్కరోజు నిలిచినా కిరాయి పక్కవాడికి పోయే రోజుల్లో టైర్ల సంగతి తేల్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు పంచర్ షాపులో వినిపించే సలహా ఒకటే: రీబటన్ వేయించు, నాలుగో వంతు ఖర్చుతో పని అయిపోతుంది.

ఆ పక్కనే టీ తాగుతున్న ఇంకో డ్రైవరు దాన్ని కొట్టిపారేస్తాడు. ఎండకు పట్టా ఊడిపోతుందని, పేలిందంటే బండి అదుపు తప్పుతుందని అంటాడు.

ఇద్దరూ అనుభవం మీదే మాట్లాడుతున్నారు. ఇద్దరి అనుభవమూ నిజమే. ఎందుకంటే రీబటన్ టైరు అనే పేరుతో మార్కెట్‌లో తిరుగుతున్నవి ఒకే రకం వస్తువులు కావు. కొత్త టైరుకు దగ్గరగా పనిచేసేవీ వాటిలో ఉన్నాయి, బండికి ఎక్కించకూడనివీ ఉన్నాయి. తేడా పైన కనిపించే నల్లటి పట్టాలో లేదు. దాని కింద ఉన్న పాత టైరులో ఉంది.

లారీ టైరులో నేలకు తగిలి అరిగేది పైపట్టా మాత్రమే. మామూలుగా లారీలు వాడే 10.00ఆర్20 సైజు రేడియల్ టైరు యాభై, అరవై కిలోల బరువుంటుంది. అందులో అరిగి దుమ్ములో కలిసిపోయేది పది పదిహేను కిలోల రబ్బరు. మిగతాదంతా కేసింగ్. అంటే ఉక్కు తీగల పొరలు, సైడ్‌వాల్, రిమ్ముకు పట్టుకునే బీడ్. టైరు తయారీలో ఖర్చు, పనితనం ఎక్కువగా పడేది ఈ కేసింగ్ మీదే. బరువు మోసేది అదే, గాలిని పట్టి ఉంచేదీ అదే. పట్టా అరిగిపోయే నాటికి మంచి రేడియల్ కేసింగ్ ఆయుష్షులో సగం కూడా అయిపోదు. అడుగు అరిగిన తోలు చెప్పును పారేయకుండా కొత్త అట్ట వేయించుకోవడం ఎలాంటిదో, రీబటన్, అంటే రీట్రెడింగ్, అలాంటిదే. తోలు గట్టిగా ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం.

పని జరిగే తీరు తెలిస్తే చాలా సందేహాలు తీరిపోతాయి. ముందు టైరును వెలుతురులో, లోపలా బయటా తడిమి పరీక్షిస్తారు. మేకు దిగిన రంధ్రం, సైడ్‌వాల్ మీద కోత, ఉబ్బు, లోపలి పొరలో ముడత ఉన్నాయేమో చూస్తారు. మంచి షాపులో ఈ దశలోనే కొన్ని టైర్లు వెనక్కి వెళ్లిపోతాయి. పాసైన టైరును బఫింగ్ యంత్రం మీద తిప్పుతూ పాత పట్టాను గీకి, గరుకైన సమమైన ఉపరితలం తెస్తారు. కోతలు కనిపించిన చోట తవ్వి శుభ్రం చేసి నింపుతారు. తర్వాత రబ్బరు సిమెంటు పూసి, కుషన్ గమ్ అనే పల్చటి పచ్చి రబ్బరు పొర వేసి, దాని మీద కొత్త పట్టా చుడతారు. చివరికి వేడి, ఒత్తిడి కలిపి పెట్టి ఉడికిస్తారు.

ఈ ఉడికించడంలోనే రెండు దారులు. పాత పద్ధతిలో పచ్చి రబ్బరు చుట్టి, గాళ్లు చెక్కిన అచ్చులో బిగించి 150 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేస్తారు. దీన్ని హాట్ పద్ధతి అంటారు. రెండోదానిలో పట్టాను గాళ్లతో సహా ఫ్యాక్టరీలోనే ముందుగా గట్టిపరిచి తెస్తారు. షాపులో దాన్ని టైరుకు చుట్టి, రబ్బరు తొడుగు వేసి, పెద్ద ఉక్కు గదిలాంటి చాంబర్‌లో నూరు డిగ్రీల చుట్టుపక్కల కొన్ని గంటలు ఉంచుతారు. పేరుకు ఇది కోల్డ్ పద్ధతి. చల్లగా ఏమీ ఉండదు కానీ, కేసింగ్‌కు తగిలే వేడి మాత్రం బాగా తక్కువ. అందుకే రేడియల్ టైర్లకు దీన్నే ఎక్కువగా వాడుతున్నారు. రెండో సారి, మూడో సారి పట్టా వేయించాలనుకునే కేసింగ్‌కు ఇదే మేలు.

ఈ కోల్డ్ పద్ధతిని రూపొందించింది జర్మనీకి చెందిన బెర్నార్డ్ ఆంటన్ నోవాక్. 1957లో దాని హక్కులు అమెరికాలో అయోవా రాష్ట్రానికి చెందిన రాయ్ కార్వర్ చేతికి వచ్చాయి. ఆయన మస్కటీన్ అనే ఊళ్లో నెలకొల్పిన బాండాగ్ కంపెనీ ఆ పద్ధతిని ప్రపంచమంతా తిప్పింది. 2007లో బ్రిడ్జ్‌స్టోన్ దాన్ని కొనేసింది. మన దేశంలో ఈ వ్యాపారానికి ఇంకా పాత చరిత్ర ఉంది. ఇవాళ టైర్ల రంగంలో పెద్దపేరుగా ఉన్న ఎంఆర్‌ఎఫ్ మొదట టైర్లు చేయలేదు. 1946లో మద్రాసులో కె.ఎం. మామెన్ మాప్పిళ్ళై బెలూన్ల తయారీతో మొదలుపెట్టారు. 1952లో ట్రెడ్ రబ్బరు, అంటే పాత టైర్ల మీద వేసే పట్టా రబ్బరు తయారీలోకి దిగారు. కొత్త టైర్ల ఫ్యాక్టరీ 1961 నాటి మాట. కొత్త టైరు కొనడం అందరికీ సాధ్యం కాని దేశంలో ముందు పట్టా రబ్బరుకే గిరాకీ పుట్టింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి ఇప్పుడు సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఉంది. కోయంబత్తూరు ఎల్గీ, కొట్టాయం మిడాస్, హైదరాబాద్ వంశీ రబ్బర్ లాంటి కంపెనీలు పట్టా రబ్బరు చేసి చిన్న పట్టణాల రీట్రెడింగ్ షాపులకు అందిస్తున్నాయి.

ఇక భయం సంగతి. కొత్తకోట, పెబ్బేరు మీదుగా ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద వేసవిలో వెళితే రోడ్డు పక్కన నల్లటి రబ్బరు పేలికలు కనబడుతూనే ఉంటాయి. చూసిన ప్రతివాళ్లూ అవి రీబటన్ టైర్లవే అనుకుంటారు. అమెరికాలోనూ ఇదే అనుమానం ఉండేది. అక్కడి రహదారి భద్రతా సంస్థ దాన్ని తేల్చే పని మిచిగాన్ యూనివర్సిటీ రవాణా పరిశోధకులకు అప్పగించింది. వాళ్లు దేశంలో అయిదు ప్రాంతాల రోడ్ల మీద వేసవిలో పడిన లారీ టైర్ల ముక్కలు, పేలిన టైర్లు కలిపి దాదాపు పదిహేను వందలు ఏరి, ఒక్కొక్కటీ ఎందుకు పాడైందో పరిశీలించారు. 2008లో వచ్చిన ఆ నివేదిక తేల్చింది ఏమిటంటే, రోడ్డు మీద దొరికిన ముక్కల్లో రీట్రెడ్ టైర్ల వాటా, రోడ్డు మీద తిరుగుతున్న టైర్లలో వాటి వాటా కన్నా ఎక్కువేమీ లేదు. కొత్త టైర్లూ అలాగే పేలుతున్నాయి. పేలడానికి పెద్ద కారణాలుగా తేలినవి రోడ్డు మీద గుచ్చుకునేవీ తెగ్గోసేవీ, ఆ తర్వాత మితిమీరిన వేడి. వేడి వెనక ఎక్కువసార్లు ఉండేది గాలి తక్కువవడం, బరువు ఎక్కువవడం.

విమానాల సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. రన్‌వే మీద గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో దిగే ప్రయాణికుల విమానాలకు మళ్లీ మళ్లీ పట్టా వేసిన టైర్లు వాడటం ప్రపంచమంతటా మామూలే. అక్కడ ప్రతి కేసింగ్‌కూ చరిత్ర రాసి ఉంటుంది, ప్రతిసారీ యంత్రాలతో లోపల పరీక్ష జరుగుతుంది. ఆ క్రమశిక్షణే ఆ టైరును నమ్మదగినదిగా చేస్తోంది.

అంత దూరం ఎందుకు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి డిపోల నుంచి రోజూ బయలుదేరే ఆర్టీసీ బస్సులను చూసినా చాలు. ఆర్టీసీ దశాబ్దాలుగా తన సొంత టైరు షాపుల్లో రీట్రెడింగ్ చేయించుకుంటోంది. ముందు చక్రాలకు కొత్త టైర్లు, అవి కొంత అరిగాక తీసి పట్టా వేసి వెనక జోడు చక్రాలకు ఎక్కించడం అక్కడి అలవాటు. ప్రతి టైరుకూ నంబరు ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పట్టా వేశాక ఎన్ని తిరిగింది, ఎందుకు తీసేశారు అన్నది రాసి ఉంటుంది. పట్టా రబ్బరు విషయంలోనూ ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర కొనడం ఉండదు. రాష్ట్రాల రవాణా సంస్థల సంఘం రేటు కాంట్రాక్టులు, పుణెలోని కేంద్ర రోడ్డు రవాణా సంస్థ పరీక్షలు దాని వెనక ఉంటాయి. మన పల్లెవెలుగు బస్సు ఎక్కిన ప్రతి ప్రయాణికుడూ తెలియకుండానే రీట్రెడ్ టైర్ల మీద ప్రయాణం చేసినవాడే.

ముందు చక్రాలకు వాడకపోవడంలో మాత్రం గట్టి కారణం ఉంది. వెనక జోడులో ఒక టైరు పోతే పక్కది కాసేపు బరువు మోస్తుంది, బండి పక్కకు తీసి ఆపుకోవచ్చు. ముందుది పోతే స్టీరింగ్ ఒక్కసారిగా లాగేస్తుంది. అమెరికాలో బస్సు ముందు చక్రాలకు రీట్రెడ్ వాడకూడదని చట్టమే ఉంది. మన లారీ ఓనర్లు దీన్ని రాతిలో చెక్కిన నియమంగా పాటించాలి. ముందు రెండింటి దగ్గర పొదుపు చేసి దక్కేది కొన్ని వేలు, పోగొట్టుకునేది డ్రైవరును.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. రేట్లు కంపెనీని బట్టి, రబ్బరు ధరను బట్టి మారుతుంటాయి కాబట్టి ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. కొత్త రేడియల్ టైరు 22,000 రూపాయలు, వెనక చక్రానికి అది 80,000 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే, కిలోమీటరుకు 27 పైసలన్నర పడింది. అదే కేసింగ్‌కు 6,000 పెట్టి మంచి కోల్డ్ పట్టా వేయిస్తే, అది 50,000 కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. ఆ రెండో జన్మలో కిలోమీటరుకు పడేది 12 పైసలు. రెండు జన్మలూ కలిపి చూస్తే 28,000 రూపాయలకు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు, అంటే 21 పైసలన్నర. కొత్త టైరు ఒక్కదానితో పోలిస్తే టైరుకు ఆరు పైసలు మిగిలింది. వెనక ఎనిమిది టైర్లకు లెక్కేస్తే కిలోమీటరుకు 48 పైసలు. ఏడాదికి అరవై వేల కిలోమీటర్లు తిరిగే బండికి 28 వేలకు పైగా మిగులు. రెండోసారి కూడా పట్టా పడితే ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కలోనే ఇంకో అంకె దాగి ఉంది, ఓనర్లు దాన్ని చూడటం లేదు. ఆరు వేల పట్టా కొత్త టైరు కన్నా చవక కావాలంటే కనీసం 22 వేల కిలోమీటర్లు తిరగాలి. పదిహేను వేలకే ఊడిపోతే కిలోమీటరుకు 40 పైసలు పడ్డట్టు. కొత్త టైరు కన్నా ఖరీదైన టైరు అది. దానికి తోడు ఊడిన పట్టా మడ్‌గార్డును, బ్రేకు పైపులను కొట్టి చేసే నష్టం, రోడ్డు మీద జాకీ వేసుకుని నిలబడ్డ గంటలు, పోయిన కిరాయి. కాబట్టి అడగాల్సింది ఎంత చవక అన్నది కాదు, ఎన్ని వేలు తిరుగుతుంది అన్నది.

అది చాలావరకు కేసింగ్ ముందు జీవితం మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడే మన ప్రాంతం పరిస్థితులు లెక్కలోకి వస్తాయి.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, ఈ మూడు జిల్లాల్లో బండ్లన్నీ ఒకే పని చేయవు. నాగర్‌కర్నూల్, వనపర్తి వేరుశనగ, జూరాల, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కింద పండే వడ్లు, గద్వాల వైపు పత్తి విత్తనాలు, కొల్లాపూర్ మామిడి ఇవన్నీ మోసే లారీలు, డీసీఎంలు ఎక్కువగా ఊరి నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి మిల్లుకు, మిల్లు నుంచి రాయచూరుకో కర్నూలుకో తిరుగుతుంటాయి. వేగం మధ్యస్థం, దూరం తక్కువ. వెనక చక్రాలకు రీట్రెడ్ టైరు నప్పే పని ఇదే. వేడి పేరుకునేలోపు బండి ఎక్కడో ఒక దగ్గర ఆగుతుంది.

టిప్పర్ల సంగతి వేరు. పాలమూరు-రంగారెడ్డి పథకంలో నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాల పనులకు రాయి, మట్టి మోసిన బండ్ల టైర్లు ఎప్పుడూ పదునైన రాళ్ల మీదే నడిచాయి. రాయి కోత ఉక్కు తీగ దాకా దిగితే, ఆ సందులోంచి వాన నీరు లోపలికి వెళుతుంది. పైకి చిన్న గీతలా కనిపిస్తుంది, కింద తీగ తుప్పు పట్టి పొరలు విడిపోతుంటాయి. క్రషర్, క్వారీ పనిలో తిరిగిన టైరును పట్టా వేసి హైవే లారీకి ఎక్కించడం ఈ వ్యాపారంలో జరిగే పెద్ద పొరపాట్లలో ఒకటి. బఫింగ్ చేసినప్పుడు తుప్పు మరక బయటపడితే నిజాయితీ గల షాపువాడు ఆ టైరును పక్కన పెట్టేస్తాడు. పెట్టని వాళ్లూ ఉంటారు.

హైదరాబాద్, బెంగళూరు మధ్య 44వ రహదారి మీద రోజంతా ఆగకుండా పరుగెత్తే బండ్లు మూడో రకం. మే నెలలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో, కాలిన తారు మీద, పూర్తి లోడుతో గంటల కొద్దీ నడిస్తే టైరు లోపల వేడి పెరుగుతూ పోతుంది. పట్టా ఊడేది ఎక్కువగా ఇక్కడే. అయితే ఎండ ఒక్కటే దానికి కారణం కాదు. గాలి తక్కువైన టైరు ప్రతి తిరుగుడుకూ ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. అమెరికా టైరు నిపుణులు సిఫార్సు చేసిన గాలిలో 20 శాతం తగ్గిన టైరును గాలి లేకుండా నడిచినట్టే లెక్కగడతారు. 120 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు 96కు దిగితే కంటికి తేడా తెలియదు. సుత్తితో కొట్టి చప్పుడు వినే అలవాటుకూ అది చిక్కదు. జోడులో లోపలి టైరైతే నెలల తరబడి ఎవరూ చూడరు. అలా వంగి వంగి నడిచిన టైరు సైడ్‌వాల్‌లో ఉక్కు తీగలు అలసిపోయి ఉంటాయి. దాని మీద ఎంత ఖరీదైన పట్టా వేసినా, ఏదో ఒక రోజు గాలి నింపుతుండగా సైడ్‌వాల్ జిప్పులా చీలిపోతుంది. పంచర్ షాపు పనివాళ్ల ప్రాణాలు తీసేది ఈ చీలికే. అనుమానం ఉన్న టైరుకు ఇనుప పంజరంలో పెట్టి గాలి కొట్టాలి. పంజరం లేకపోతే పొడవైన గొట్టం బిగించి పక్కకు జరిగి నిలబడాలి.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. పది చక్రాల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. కొత్త పరిమితిలోనే లోడు వేసినా టైరు మీద పడే భారం మునుపటి కన్నా ఎక్కువ. దాని మీద ఇంకా వేసే అలవాటు ఉన్న బండికి రీట్రెడ్ పొదుపు కాదు. దానికి కొత్త టైరు కూడా నిలవదు.

ఇన్ని చెప్పుకున్నాక అసలు సలహా సూటిగానే ఉంది. సొంత టైరుకు పట్టా వేయించుకోవడం లాభం. ఎవరిదో తెలియని కేసింగ్ మీద పట్టా వేసి షాపులో వరసగా నిలబెట్టిన టైరును కొనడం జూదం. సొంత టైరైతే అది ఎంత తిరిగింది, ఎప్పుడైనా గాలి లేకుండా నడిచిందా, ఏ రాయి తగిలింది ఓనరుకు తెలుసు. అరువు కేసింగ్ చరిత్ర అమ్మేవాడికే తెలియదు. పట్టా వేయించడానికి ఇచ్చేటప్పుడు టైరు నంబరు రాసుకుని, తిరిగి అదే టైరు తెచ్చుకోవాలి. తొందరగా కావాలంటే ఎక్స్‌చేంజ్‌లో ఇంకోటి తీసుకెళ్లమని షాపువాళ్లు అంటారు. సీజన్‌లో ఆ మాట తియ్యగా వినబడుతుంది. ఒప్పుకోకూడదు. అందుకే టైర్లను సీజన్‌కు ముందే, ఒకేసారి కాకుండా రెండు రెండుగా ఇవ్వడం తెలివైన పని.

ఇంకో అలవాటు మార్చుకోవాలి. మన దగ్గర టైరును తీగ బయటపడేదాకా నడిపి, అప్పుడు తీసి పట్టాకు ఇస్తారు. చట్టం ప్రకారం లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. పట్టా వేయించే ఆలోచన ఉన్నవాళ్లు అంత దాకా కూడా ఆగకూడదు, మూడు మిల్లీమీటర్ల దగ్గరే తీసేయాలి. ఆ చివరి మిల్లీమీటరున్నర రబ్బరు కోసం ఆశపడితే కేసింగే పోతుంది. వేలల్లో విలువ చేసే దాన్ని వందల కోసం పోగొట్టుకోవడం అది.

టైరు వయసు కూడా చూడాలి. సైడ్‌వాల్ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2322 అని ఉంటే 2022వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని. అయిదారేళ్లు దాటిన కేసింగ్, ఎండకు సన్నని పగుళ్లు తేలిన సైడ్‌వాల్ కనిపిస్తే పట్టా ఎంత మెరిసినా వద్దు. నైలాన్ టైర్లకు ఒకటి రెండు సార్లకు మించి పట్టా వేయించకపోవడం మంచిది. మంచి కంపెనీ రేడియల్ కేసింగ్ బాగా చూసుకుంటే రెండు మూడు సార్లు నిలుస్తుంది. ఒక జోడులో కొత్త పట్టా టైరు పక్కన అరిగిన టైరు పెడితే ఎత్తు ఎక్కువున్నదే బరువంతా మోసి ముందుగా పోతుంది. జోడుకు జోడు సమానంగా ఉండాలి. బిల్లు మీద టైరు నంబరు, పట్టా కంపెనీ పేరు, తేదీ రాయించుకోవాలి. పట్టా ఊడితే ఎంత అరుగుదల దాకా బాధ్యత తీసుకుంటారో అడగాలి. బిల్లు ఇవ్వని షాపులో వెయ్యి రూపాయలు తగ్గినా పట్టా వేయించకూడదు.

రీట్రెడింగ్ పేరుతో ఇంకొకటి అమ్ముడుపోతోంది. నున్నగా అరిగిన టైరు మీద వేడి కత్తితో మళ్లీ గాళ్లు చెక్కి, నల్ల రంగు పూసి సెకండ్‌హ్యాండ్‌లో పెడతారు. అది రీట్రెడ్ కాదు, మోసం. ఉన్న కొద్దిపాటి రబ్బరును కూడా తవ్వేసి తీగకు దగ్గరగా తెచ్చిన టైరు. గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన కోల్డ్ పట్టాకు సైడ్‌వాల్ పైన కొత్త రబ్బరు, పాత రబ్బరు కలిసే గీత చుట్టూ కనిపిస్తుంది, పట్టాకు అడ్డంగా ఒకటి రెండు చోట్ల అతుకు ఉంటుంది. చెక్కిన టైరుకు ఆ గీతా ఉండదు, అతుకూ ఉండదు. గాళ్ల లోతు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ధరల లెక్క కూడా ఈ మధ్య మారింది. 2019 జనవరి నుంచి రీట్రెడ్ టైరు మీద జీఎస్టీ 18 శాతం, కొత్త టైరు మీద 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త లారీ టైరు మీద కూడా 18 శాతమే. ఆ మేరకు కొత్త టైరు ధర ఎనిమిది శాతం దాకా దిగాలి, అంటే మన ఉదాహరణలోని టైరు మీద సుమారు పదిహేడు వందలు. పన్ను రూపంలో రీట్రెడ్‌కు ఉన్న మొగ్గు పోయింది. అంతకు ముందు చైనా నుంచి చవక రేడియల్ టైర్లు వచ్చిపడినప్పుడు కూడా మన రీట్రెడింగ్ షాపులు ఇలాగే ఇబ్బంది పడ్డాయి. 2017లో కేంద్రం వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం వేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. చవక కొత్త టైరులో ఇంకో చిక్కుంది. దాని కేసింగ్ మళ్లీ పట్టా వేయడానికి పనికొస్తుందన్న భరోసా లేదు. కొనేటప్పుడు రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి, రెండుసార్లు పట్టా నిలిచే టైరు తీసుకున్నవాడు చివరికి తక్కువ ఖర్చు పెడతాడు.

రీట్రెడ్ వల్ల దేశానికీ మేలే. ఒక కొత్త లారీ టైరు తయారీకి సుమారు 83 లీటర్ల చమురు కావాలని, రీట్రెడ్‌కు 26 లీటర్లు చాలని ఈ రంగంలో ఎప్పటి నుంచో చెబుతున్న లెక్క. పాత టైర్ల బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ కేంద్రం 2022లో నిబంధనలు తెచ్చింది. ఊరి బయట గుట్టగా పడి, వానాకాలంలో దోమలకు నెలవై, చివరికి ఇటుక బట్టీలో నల్ల పొగ అయ్యే టైరు ఇంకో యాభై వేల కిలోమీటర్లు లారీ కింద తిరగడం మంచిదే. కానీ ఆ మంచి ఓనరు జేబుకు నష్టం చేసి జరగకూడదు.

చిన్న బండ్ల దగ్గర జవాబు పూర్తిగా మారిపోతుంది. టాటా ఏస్‌కు వాడే 145ఆర్12 టైరు కొత్తదే సుమారు మూడు నాలుగు వేల రూపాయల్లో దొరుకుతుంది. దానికి పట్టా వేయించి మిగిలేది వెయ్యో పదిహేను వందలో. చిన్న టైరు కేసింగ్ లారీ టైరులా మూడు జన్మల కోసం చేసింది కాదు, పైగా ఆ బండ్లకు వెనక జోడు చక్రాలు ఉండవు. ఒక్క టైరు పోతే పక్కన ఆదుకునేది లేదు. బొలెరో పికప్‌కూ ఇదే వర్తిస్తుంది. అయిజ నుంచి మిరపకాయలు, కొల్లాపూర్ నుంచి మామిడి పెట్టెలు, పెబ్బేరు సంత నుంచి గొర్రెలు వేసుకుని వెళ్లే బండికి మంచి కంపెనీ కొత్త టైర్లే సరైన పొదుపు. బడి పిల్లలను, కూలీలను ఎక్కించుకునే వ్యాన్లకు అసలు ఈ చర్చే వద్దు. వెనక జోడు చక్రాలున్న డీసీఎంలు, టాటా 407ల దాకా మాత్రం, సొంత కేసింగ్ అయితే, వెనక చక్రాలకు పట్టా వేయించడంలో లాభం ఉంది.

ఒక రోడ్డు గురించి వేరుగా చెప్పాలి. కల్వకుర్తి, అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి దోమలపెంట, శ్రీశైలం వైపు వెళ్లే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలను పంపరు. శ్రీశైలం ఆనకట్ట దగ్గర ఘాట్ మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకుల వేడి రిమ్ముల మీదుగా టైర్లకు చేరుతుంది. సాయంత్రం పూట ఆ అడవిలో టైరు పోతే పంచర్ షాపు ఉండదు, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు. అటు వెళ్లే లారీకి ముందు కొత్త టైర్లు, వెనక వయసు తెలిసిన కేసింగ్‌లు, గాలి చూసిన స్టెపినీ, పనిచేసే జాకీ ఉండాలి. స్టెపినీ స్థానంలో పనికిరాని టైరును వేలాడదీసుకుని మన్ననూరు చెక్‌పోస్టు దాటకూడదు.